ఉప్పు సరస్సు ఎండుతుంటే నీళ్లలో ఏది పోతుంది, ఏది మిగులుతుంది

బిడ్డా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎండకు ఆవిరయ్యేది నీళ్లే కదా, ఉప్పు ఆవిరి కాదు కదా, అలాంటప్పుడు సరస్సు ఎంత ఎండినా అందులోని సోడియం, కాల్షియం, క్లోరైడ్, సల్ఫేట్ అదే నిష్పత్తిలో ఉండాలి కదా, మరి మహారాష్ట్రలోని లోనార్ సరస్సు నీళ్లు సోడాలా, రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సు నీళ్లు ఉప్పులా, ఇజ్రాయెల్, జోర్డాన్ మధ్యనున్న డెడ్ సీ నీళ్లు మెగ్నీషియంతో చేదుగా ఎందుకు తయారయ్యాయి అని అడిగావు. ఎక్కువగా ఉన్న మామూలు ఉప్పే ముందు ఎందుకు గడ్డకట్టదు అన్నది రెండో ప్రశ్న. చివర్లో, మన వరంగల్ వైపు ఉప్పు సరస్సే లేదు సార్, ఇదంతా బొమ్మలు చూసి బట్టీ పట్టడమేనా అని కూడా రాశావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా నీళ్లు పరీక్షచేసే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల బోరు నీళ్లు, బావి నీళ్లు, చెరువు నీళ్లు నా చేతుల మీదుగా పోయాయి. అందుకే చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్తున్నా: బట్టీ పట్టాల్సిన అవసరం లేదు, ఉప్పు సరస్సులో జరిగేదే చిన్న ఎత్తున మన పొలాల్లోనూ జరుగుతోంది, నీ ఇంటి డాబా మీద నువ్వు చేసి చూడొచ్చు. ఎట్లాగో చివర్లో చెప్తాను.

ముందు నీ మొదటి లెక్క. అందులో తప్పు లేదు, కానీ అది సగం దారి వరకే నడుస్తుంది. కరిగినవన్నీ కరిగే ఉన్నంతసేపు నువ్వన్నట్టే జరుగుతుంది, నీళ్లు సగమైతే అన్నీ రెండింతలు, పదో వంతైతే అన్నీ పదింతలు. ఏదో ఒక ఖనిజం ఇక కరిగి ఉండలేక గట్టిపడి అడుక్కి దిగడం మొదలుపెట్టిందా, అక్కడితో నీ లెక్క ఆగిపోతుంది. ఆ ఖనిజం ఒంటరిగా దిగదు, తనలో ఉండే రెండు అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) సరిసమానంగా వెంట తీసుకుపోతుంది. నీళ్లలోనేమో ఆ రెండూ సరిసమానంగా లేవు. నిష్పత్తి చెడిపోయేది అందుకే.

చెప్పుల దుకాణం అనుకో. ఎడమకాలి చెప్పులు 100, కుడికాలివి 98 ఉన్నాయి. జతలుగా అమ్ముడుపోతే 98 జతలు పోయి రెండు ఎడమ చెప్పులు మిగులుతాయి. పొద్దున చూసినవాడికి రెండు రకాలూ ఇంచుమించు సమానమే, సాయంత్రం చూసినవాడికి ఆ దుకాణంలో కుడికాలి చెప్పన్నదే లేదు. ఎండుతున్న నీళ్లలో జరిగేది అచ్చం ఇదే.

అన్నిటికంటే ముందు దిగేది కాల్షియం కార్బొనేట్, అంటే కాల్సైట్. మన గీజర్ రాడ్డుకు, నీళ్లు కాచే గంజు అడుగున తెల్లగా పట్టేది అదే. ఇప్పుడు రెండు సీసాల నీళ్లు తీసుకుందాం. మొదటిదాంట్లో లీటరుకు కాల్షియం 4, బైకార్బొనేట్ 5 మిల్లీ ఈక్వివలెంట్లు (జతలు లెక్కపెట్టడానికి వీలుగా అయాన్ల ఆవేశాన్ని కొలిచే కొలమానం). రెండోదాంట్లో తిరగేసి రాయి, కాల్షియం 5, బైకార్బొనేట్ 4. మిగతా సోడియం, క్లోరైడ్ అన్నీ ఉన్నాయనుకో. ఈ రెండు సీసాలూ ల్యాబ్‌కు వస్తే రిపోర్టులో పెద్ద తేడా కనపడదు, తాగితే నాలుకకు కూడా తెలియదు. రెండిటినీ నూరో వంతు అయ్యేదాకా ఎండబెట్టు. కాల్సైట్ దిగకపోతే మొదటిదాంట్లో కాల్షియం 400, బైకార్బొనేట్ 500 ఉండాలి. కానీ జతలన్నీ అడుక్కి పోయాయి కాబట్టి కాల్షియం దాదాపు సున్నా, జత దొరకని ఆ ఒక్కటి నూరింతలై కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి 100. కాల్షియం దొరకని కార్బొనేట్ సోడియంతోనే ఉండిపోతుంది, అంటే అవి సోడా నీళ్లు, పీహెచ్ (7 దాటితే క్షార గుణం అని చెప్పే కొలత) 9 దాటి 10 వైపు పోతుంది. రెండో సీసాలో సరిగ్గా దీనికి ఉల్టా, కార్బొనేట్ దాదాపు ఖాళీ, కాల్షియం 100. ఈ నీళ్లు ఎంత ఎండబెట్టినా ఎప్పటికీ సోడా నీళ్లు కావు. మొదట్లో ఒక్కటంటే ఒక్క యూనిట్ తేడా, చివరికి రెండిటికీ పోలికే లేదు.

(ఇది కాగితం మీది లెక్క. అసలు నీళ్లలో మెగ్నీషియం కూడా కార్బొనేట్‌తోనూ, బంకమట్టి ఖనిజాలతోనూ కొంత దిగిపోతుంది, సిలికా కూడా పోతుంది. దారి మాత్రం ఇదే.)

దీన్ని 1970లో హార్డీ, యూగ్‌స్టర్ అనే ఇద్దరు వరసగా లెక్కకట్టి చూపించారు, ఇలా దారి చీలే చోటుకు కెమికల్ డివైడ్ అని పేరు. నదుల మధ్య గట్టుకు వాడే మాటనే తెచ్చి ఇక్కడ పెట్టారు, ఆ మాట మన వరంగల్ వాళ్లకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదని నేననుకుంటాను. పాఖాల చెరువు నీళ్లు మున్నేరులో కలిసి కృష్ణకు పోతాయి, రామప్ప నీళ్లు గోదావరికి పోతాయి. మధ్యలో ఉన్న ఎత్తు చూస్తే అదేం పెద్ద కొండ కాదు, బస్సులో పోతుంటే తెలియను కూడా తెలియదు. కానీ వాన చుక్క దానికి ఇటు పడిందా అటు పడిందా అన్నదాన్ని బట్టి అది సముద్రంలో కలిసే చోటే మారిపోతుంది. ఎండే నీళ్లకు కూడా కాల్షియం ఎక్కువా, కార్బొనేట్ ఎక్కువా అన్నది అట్లాంటి గట్టు, ఒకసారి ఇటు దిగిన నీళ్లు ఎండ వల్ల మళ్లీ అటు పోలేవు.

రెండో గట్టు జిప్సం. కాల్షియం మిగిలిన నీళ్లు ఇంకా ఎండితే కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం దిగుతుంది. మామూలు నీళ్లలో అది లీటరుకు రెండున్నర గ్రాముల లోపే కరుగుతుంది, అందుకే తొందరగా దిగుతుంది. ఇక్కడ కూడా చెప్పుల లెక్కే: సల్ఫేట్ ఎక్కువైతే కాల్షియం ఖాళీ అయి సోడియం, సల్ఫేట్, క్లోరైడ్ మిగులుతాయి. కాల్షియం ఎక్కువైతే సల్ఫేట్ ఖాళీ అయి కాల్షియం క్లోరైడ్ రకం నీళ్లు మిగులుతాయి. అంటార్కిటికాలో డాన్ హువాన్ అని ఒక చిన్న కుంట ఉంది, ఈ రెండో రకానికి చివరి రూపం అది, దాదాపు కాల్షియం క్లోరైడ్ ద్రావణమే, అంత చలిలోనూ గడ్డకట్టదు.

ఇప్పుడు సముద్రపు నీళ్లను ఈ గట్ల మీద నువ్వే నడిపించు, పరీక్షలో ఇదే అడుగుతారు. కిలో సముద్రపు నీళ్లలో కాల్షియం దాదాపు 20.6 మిల్లీ ఈక్వివలెంట్లు, బైకార్బొనేట్ 2.3. మొదటి గట్టు దగ్గర కాల్షియం గెలిచింది, ఇంకా 18 మిగిలే ఉంది. సల్ఫేట్ 56. రెండో గట్టు దగ్గర కాల్షియం ఓడిపోయింది, సల్ఫేట్ దాదాపు 38 మిగిలింది. తర్వాత సోడియం క్లోరైడ్ దిగుతుంది, సోడియం 469, క్లోరైడ్ 546. సోడియమే తక్కువ, కాబట్టి ఉప్పు దిగినకొద్దీ సోడియం తగ్గుతూ పోతుంది. ఇంతసేపూ పక్కన నిలబడ్డ మెగ్నీషియం, మొదట్లో 106 మాత్రమే ఉన్నది, జత దొరకని క్లోరైడ్‌కు, సల్ఫేట్‌కు తోడుగా చిక్కబడుతూ చివరికి నీళ్లన్నిటికీ తానే పెద్దదవుతుంది. మొదటి రోజు చూసి దాని సంగతి ఎవరూ ఊహించరు.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఎక్కువ ఉన్నది ముందు దిగదు, తన హద్దు ఎవరు ముందు దాటితే వాళ్లు దిగుతారు. మామూలు ఉప్పుకు ఆ హద్దు చాలా పైన ఉంది, నూరు గ్రాముల నీళ్లలో 36 గ్రాములు కరుగుతుంది, సముద్రంలో అన్ని లవణాలూ కలిపి లీటరుకు 35 గ్రాములే. 1849లో ఉసిగ్లియో అనే ఆయన మధ్యధరా సముద్రపు నీళ్లను ఎండబెట్టి ఒక్కొక్క మెట్టు దగ్గర ఏది ఎంత దిగిందో తూచి రాశాడు. నీళ్లు ఇంచుమించు సగానికి వచ్చేసరికి కార్బొనేట్, ఐదో వంతుకు వస్తే జిప్సం, పదో వంతుకు వచ్చాక గానీ ఉప్పు దిగలేదు. పొటాషియం, మెగ్నీషియం లవణాలు ఇంకా ఎంతో తర్వాత.

ఇది కళ్లారా చూడాలంటే ఎండాకాలంలో ఆంధ్ర తీరంలోని చిన్నగంజాం వైపో, నౌపడా వైపో ఉప్పు మడులకు పో. సముద్రపు నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మారుస్తూ పోతారు. నీళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే బోమే మీటరు ముంచి చూస్తే సముద్రపు నీళ్లు 3 డిగ్రీల చిల్లర చూపిస్తాయి. మధ్య మడుల్లో 13 నుంచి 16 డిగ్రీల మధ్య జిప్సం మొదలవుతుంది, అడుగున కాళ్లకు గుచ్చుకునే చిన్న పలుకుల్లా తగులుతుంది. 25 దాటాక చివరి మడిలో ఉప్పు పూస్తుంది, మొదట నీళ్ల మీద పల్చటి తెల్ల రేకుల్లా తేలి, బరువెక్కి మునుగుతుంది. 29, 30 డిగ్రీలకు రాగానే మిగిలిన నీళ్లు వదిలేస్తారు, ఎందుకంటే ఆ తర్వాత దిగే ఉప్పులో మెగ్నీషియం కలిసి చేదెక్కుతుంది. ఆ వదిలేసే నీళ్లకు బిట్టర్న్ అని పేరు, వేలు ముంచి నాలుకకు రాసుకుంటే ఉప్పదనం తర్వాత, చేదు ముందు తగులుతుంది. బ్రోమైడ్ కూడా ఉప్పు పలుకుల్లోకి పెద్దగా పోకుండా ఈ నీళ్లలోనే ఉండిపోతుంది. 1826లో బలార్ బ్రోమిన్ కనిపెట్టింది ఫ్రాన్స్‌లోని మాంపెల్యే దగ్గరి ఉప్పు మడుల బిట్టర్న్ లోంచే. లిథియం కూడా అట్లాగే చివరిదాకా నీళ్లలోనే ఉంటుంది, చిలీలో అటకామా ఎడారి మడుల్లో ముందు మామూలు ఉప్పు, తర్వాత పొటాషియం ఉప్పులు, తర్వాత మెగ్నీషియం ఉప్పులు దిగనిచ్చి చివరి నీళ్లలోంచి లిథియం తీస్తున్నారు.

మన వంటింటి సంగతొకటి చెప్పకుండా ముందుకు పోలేను. వానాకాలంలో దొడ్డుప్పు జాడీలో నీరు కారుతుంది కదా, అది ఉప్పు గుణం కాదు, పలుకుల మధ్య ఇరుక్కున్న ఆ బిట్టర్న్ గుణం. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీరు పట్టుకుంటుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. ఇదే విషయాన్ని సరస్సు వైపు నుంచి చూడు: చివరి దశకు వచ్చిన మెగ్నీషియం నీళ్లు గాలిలో తేమ బాగా తగ్గితే తప్ప ఎండవు, రాత్రి తేమ పెరిగితే గాలిలోంచే నీళ్లు తిరిగి తాగుతాయి. అందుకే ఉప్పు సరస్సులు మొదట్లో ఎండినంత వేగంగా చివర్లో ఎండవు, కొన్ని అసలు పూర్తిగా ఎండనే ఎండవు.

ఇక నువ్వడిగిన మూడు సరస్సులు. డెడ్ సీలో లీటరుకు దాదాపు 340 గ్రాముల లవణాలు, అందులో మెగ్నీషియం 40 గ్రాముల పైనే, సోడియం కంటే కూడా ఎక్కువ, పీహెచ్ 6 దగ్గర. కేవలం సముద్రపు నీళ్లు ఎండితే సల్ఫేట్ మిగలాలని పైన చూశాం కదా, కానీ డెడ్ సీలో సల్ఫేట్ చాలా తక్కువ, కాల్షియం ఎక్కువ. కారణం ఏంటంటే, ఎప్పుడో లోపలికి వచ్చి ఎండిన సముద్రపు నీళ్లు అక్కడి సున్నపురాయిలోంచి పారినప్పుడు మెగ్నీషియం కొంత రాయికి ఇచ్చి కాల్షియం తీసుకున్నాయి, సున్నపురాయి డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న రాయి) అయింది, కొత్తగా వచ్చిన కాల్షియం సల్ఫేట్‌ను జిప్సంగా దింపేసింది. ఎండ ఒక్కటే కాదు, రాయి కూడా లెక్క మార్చగలదని గుర్తుపెట్టుకో.

లోనార్ సంగతి వేరు. అది మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లాలో, ఉల్క పడి బసాల్ట్ రాయిలో ఏర్పడిన గుంట, మన ఆదిలాబాద్ వైపు కనపడే నల్లరాయి కూడా ఆ దక్కన్ లావా కుటుంబమే. వాన నీళ్లు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని ఇట్లాంటి రాళ్లను మెల్లగా తినేస్తుంటే నీళ్లలోకి బైకార్బొనేట్ చేరుతుంది, దానికి తోడుగా సోడియం కూడా వస్తుంది. అక్కడ మొదటి గట్టు దగ్గర కార్బొనేట్ గెలిచింది, కాల్షియం ఓడింది. అందుకే పీహెచ్ 10 దగ్గర ఉంటుంది, వెనకటికి అక్కడ సోడా తీసేవారు. ఈ దారిలో దిగిన నీళ్లలో కాల్షియమే ఉండదు కాబట్టి జిప్సం ఊసే ఉండదు. కెన్యాలోని మగాడి సరస్సు ఈ దారికి ఇంకా చివర ఉంది, అక్కడ అడుగంతా ట్రోనా, అంటే సోడా రాయి. 2020 జూన్‌లో లోనార్ గులాబీ రంగుకు తిరిగిందని పేపర్లలో వచ్చింది గుర్తుందా, నీళ్లు తగ్గి లవణం పెరిగినప్పుడు హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులు పెరగడం వల్ల అని పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ వాళ్లు తేల్చారు.

రాజస్థాన్‌లోని సాంభర్ కూడా పుట్టుకతో ఈ సోడా వైపుదే, కానీ సోడియం క్లోరైడ్ పాలు చాలా ఎక్కువ. అక్కడి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బాగా తక్కువ. కాబట్టి సాంభర్‌లో ఉప్పు తీశాక మిగిలే నీళ్లలో మన కోస్తా మడుల్లోలా మెగ్నీషియం కాదు, సోడియం సల్ఫేట్, సోడియం కార్బొనేట్ ఉంటాయి. రెండు చోట్లా పేరుకు తీసేది ఉప్పే, అడుగున మిగిలే నీళ్లు మాత్రం వేరు జాతి.

సోడియం సల్ఫేట్ దగ్గర ఎండతో పాటు చలిని కూడా చూడాలి. మామూలు ఉప్పు చన్నీళ్లలోనూ వేడినీళ్లలోనూ ఇంచుమించు ఒకేలా కరుగుతుంది, సున్నా డిగ్రీలకు నూరు గ్రాముల్లో 35.7, మరిగే నీళ్లలో 39. సోడియం సల్ఫేట్ అట్లా కాదు, సున్నా దగ్గర 5 గ్రాముల లోపు, 32 డిగ్రీల దగ్గర 50 దాకా. కాబట్టి చలికాలం రాత్రి నీళ్లు ఒక్క చుక్క ఆవిరి కాకపోయినా మిరబిలైట్ అనే సల్ఫేట్ లవణం సరస్సులో దిగుతుంది, ఎండాకాలం మళ్లీ కరుగుతుంది. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లో ఇది జరుగుతుంది. నీళ్ల శాంపిల్ ఏ నెలలో తీశారో రాయకుండా సల్ఫేట్ అంకె ఒక్కటే రాస్తే ఆ అంకెకు విలువ లేదని నేను మా ల్యాబ్ పిల్లలకు పదేపదే చెప్పేవాణ్ణి.

ఇంకో రెండు మాటలు తొందరగా. సరస్సు ఒకేసారి ఎండి ఊరుకోదు, ఎండుతుంది, వాన పడితే తడుస్తుంది. ఆ మొదటి వానకు పైపొరలోని మామూలు ఉప్పు వెంటనే కరుగుతుంది, జిప్సం మెల్లగా కరుగుతుంది, కాల్సైట్ కదలదు, కాబట్టి ప్రతి వాన కూడా లవణాలను ఒకసారి జల్లెడ పడుతుంది. రెండోది బురద. నల్లటి, కుళ్లు గుడ్డు వాసన కొట్టే బురదలో బ్యాక్టీరియా సల్ఫేట్‌ను తినేసి బైకార్బొనేట్ వదులుతుంది, అంటే జిప్సం గట్టు దగ్గర ఓడాల్సిన కాల్షియం గెలవొచ్చు, లేదా నీళ్లు సోడా వైపు జరగొచ్చు.

సరే, మన ఊరికి వద్దాం. పాఖాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచి ఎనిమిది వందల ఏళ్లుగా ప్రతి ఎండాకాలం ఎండుతూనే ఉన్నాయి, మరి ఎందుకు ఉప్పు సరస్సులు కాలేదు? మత్తడి వల్ల, తూము వల్ల. వానలు బాగా పడ్డ ఏడాది మత్తడి దూకుతుంది కదా, ఆ నీళ్లతో పాటు పేరుకున్న లవణాలు కూడా కింది చెరువుకు, అక్కడినుంచి ఇంకో చెరువుకు, చివరికి నదికి పోతాయి. గొలుసుకట్టు చెరువులంటే నీళ్ల గొలుసే కాదు, లవణాలు బయటికి పోయే దారి కూడా. ఉప్పు సరస్సు కావాలంటే బయటికి దారి లేని గుంట కావాలి, నీళ్లకు పైకి పోవడం తప్ప వేరే దిక్కు ఉండకూడదు.

అట్లాంటి దారి లేని చోట్లు మన దగ్గర చిన్నవి ఉన్నాయి. చెరువు కట్ట కింద ఊట నీళ్లు నిలిచే పల్లపు పొలాలు, ఏళ్ల తరబడి ఒకే బోరు నీళ్లు పారి మురుగు పోని మడులు. అక్కడ నీళ్లు మట్టిలోంచే ఆవిరవుతాయి, సౌడు, అంటే తెల్లటి ఉప్పు పొర, లేస్తుంది. మన గ్రానైట్ రాళ్లలోని సోడియం ఫెల్డ్‌స్పార్ తిని వచ్చిన బోరు నీళ్లు చాలాచోట్ల కార్బొనేట్ గెలిచే రకం. మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు కడుతూ కాల్షియం దిగిపోతుంది, మిగిలిన సోడా మట్టిని బిగేస్తుంది, నీళ్లు ఇంకవు, నాగలి పోదు. మా చిన్నప్పుడు బట్టలుతికేవాళ్లు ఆ సౌడు మన్ను తెచ్చి బట్టలు ఉబ్బకు వేసేవాళ్లు, లోనార్‌లో తీసింది, మా ఊరి సౌడులో ఉన్నది ఒకే సోడా. వ్యవసాయం వాళ్లు దీనికి 1950లోనే లెక్క కట్టారు, ఈటన్ అనే ఆయన. కార్బొనేట్, బైకార్బొనేట్ మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తం తీసెయ్యి, మిగిలింది లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీళ్లు పొలానికి పనికిరావు, 1.25 లోపు ఉంటే భయం లేదు. రెసిడ్యువల్ సోడియం కార్బొనేట్ అంటారు. హార్డీ, యూగ్‌స్టర్ సరస్సుకు చెప్పిన మొదటి గట్టు ఇదే, ఇరవై ఏళ్ల ముందు పొలం వైపు నుంచి చెప్పారు. సౌడు భూమికి జిప్సం చల్లమని చెప్పేది కూడా ఇందుకే, జత దొరకని కార్బొనేట్‌కు కాల్షియం తెచ్చి ఇవ్వడం.

నా సర్వీసు మొదట్లో జరిగిన ఒక పొరపాటు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒక రైతు ప్లాస్టిక్ డబ్బాలో బోరు నీళ్లు తెచ్చి ఇచ్చాడు. పని ఒత్తిడిలో ఆ డబ్బా కిటికీ పక్కన మూడు వారాలు ఉండిపోయింది, మూత వదులుగా ఉంది, డబ్బా గోడలకు లోపల తెల్లటి పొర పట్టింది. పరీక్ష చేస్తే కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం మొత్తం, బాగా తక్కువ వచ్చింది, మంచి నీళ్లే, పారించుకో అని చెప్పాను. యాసంగి వరి తర్వాత ఆయన మళ్లీ వచ్చి, మడిలో నీళ్లు ఇంకడం లేదు సారూ, మట్టి పెంకులా అయింది అన్నాడు. కూర్చుని లెక్క తిరగేస్తే అర్థమైంది. డబ్బా గోడకు కాల్షియం, కార్బొనేట్ సమానంగా పోయాయి, కాబట్టి కఠినత్వం అంకె మారింది గానీ ఆ రెండిటి మధ్య తేడా మారలేదు. మూడు వారాల తర్వాత కూడా ఆ తేడా నాకు కనపడేది, నేను తీసివేత చేయలేదు, కఠినత్వం ఒక్కటే చూశాను. అప్పటినుంచి నా చేతి కింద పోయిన ప్రతి రిపోర్టులో ఆ తీసివేత రాయించాను.

ఫ్లోరైడ్ కూడా దీనితో ముడిపడి ఉంది. నీళ్లలో కాల్షియం ఉన్నంతసేపు అది ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా పట్టి హద్దులో ఉంచుతుంది. కాల్షియం కాల్సైట్‌గా దిగిపోయాక ఫ్లోరైడ్‌ను ఆపేవాళ్లు ఉండరు. మన గ్రానైట్ ప్రాంతపు బోర్లలో సోడా గుణం ఎక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటడం తరచూ చూశాను.

ఇప్పుడు డాబా మీది పని. మే నెలలో చెయ్యి, మన ఎండ ఊరికే పోనివ్వకు. రెండు వేర్వేరు ఊళ్ల బోరు నీళ్లు, ఒక్కోటి ఐదు లీటర్లు తీసుకో, వీలైతే ఒకటి సౌడు లేచే ఊరిది, ఇంకోటి పప్పు ఉడకని, సబ్బు నురగరాని కఠిన నీళ్ల ఊరిది. వెడల్పాటి స్టీలు పళ్లాల్లో పోసి దుమ్ము పడకుండా పల్చటి బట్ట కట్టు. అల్యూమినియం వద్దు, సోడా నీళ్లు దాన్ని తింటాయి. రోజూ కాస్త కాస్త పోస్తూ ఐదు లీటర్లూ అరలీటరుకు రావాలి. రెండో రోజుకే అంచుల వెంట తెల్ల గీత పడుతుంది, గోటితో గీకి నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, అది కాల్సైట్. అరలీటరు అయ్యాక తెల్ల పింగాణీ సాసర్లో చిటికెడు పసుపు పెట్టి ఒక్కో పళ్లెంలోంచి నాలుగు చుక్కలు వెయ్యి. మొదట తెచ్చిన నీళ్లతోనూ పక్కన ఒకటి పెట్టు, పోల్చడానికి. సోడా దారి పట్టిన నీళ్లకు పసుపు పారాణిలా ఎర్రబడుతుంది, కాల్షియం గెలిచిన నీళ్లకు పసుపు పసుపుగానే ఉంటుంది. పళ్లాల మీద ఊరి పేరు, తేదీ, మొదటి నీళ్ల కొలత ముందే రాసిపెట్టుకో. రెండిటి కాల్షియం, బైకార్బొనేట్ అంకెలు మీ కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసి ఇక్కడ పెట్టు, ఏది ఎర్రబడుతుందో పసుపు వేయకముందే ఇద్దరం కలిసి లెక్కకడదాం.